అక్క సంచిలో మడత కత్తి

ఇంట్లో అందరూ అతణ్ణి సరంజామా అనేవారు. కూరగాయలకు వెళ్లినా జేబులో టార్చి, మెడలో విజిల్, సంచిలో కట్టుగుడ్డలు, నీళ్లు శుభ్రం చేసే మాత్రలు ఉండాల్సిందే. "అవసరం చెప్పి రాదు" అన్నది అతని ఊతపదం. నిజానికి ఆ అవసరం చెప్పీ రాలేదు, చెప్పకుండానూ రాలేదు. అయినా ఏ టార్చి మంచిదని ఎవరైనా అడగడమే పాపం, అతని ఉపన్యాసం వింటూ అడిగినవాళ్లకి ఆ పూట వంట లేనట్టే.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అక్క, ఈ తమ్ముడు కలిసి మొదటిసారి విదేశం చూడబోతున్నారు. సర్దుడంతా తమ్ముడి పెత్తనమే. అన్నీ కుదిరాయి గానీ మడత కత్తి దగ్గర మనసు పీకింది. దాన్ని విమానం అడుగున వెళ్లే పెద్ద పెట్టెలోనే వేయాలని అతనికి తెలుసు, అందరికీ చెప్పిందీ తనే. కానీ పెట్టె దారి తప్పితే? తన సంచిలో పెట్టుకుంటే పట్టుకుంటారు. తల నెరిసిన పెద్దావిడ సంచి ఎవరు గాలిస్తారులే అనుకుని, ఆమెతో మాట మాత్రమైనా అనకుండా, ఆమె చేతిసంచిలో మందుల డబ్బా కింద దూర్చాడు.

విమానాశ్రయంలో యంత్రానికి ఆ నెరిసిన జుట్టు కనబడలేదు. కత్తి కనబడింది.

"ఇది ఎవరిది?" అన్నాడు తనిఖీ ఉద్యోగి.

అక్క కళ్లజోడు సవరించుకుని చూసింది. "నాది కాదండీ. నా సంచిలోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు."

"అందరూ ఇదే మాటంటారు. పక్కకి రండి."

సంచి బల్ల మీద బోర్లించారు. మందులు, దువ్వెన, కుట్లు వేసుకున్న లోపలి బట్టలు అందరి కళ్లముందూ పడ్డాయి. ఎన్నో ఏళ్లు పిల్లల సంచులు తనిఖీ చేసిన మనిషి చేతులు కట్టుకుని నిలబడింది. వెనకే ఉన్న సరంజామా 'నాది' అంటే సరిపోయేది. కానీ అలా అంటే తనని ఆపేస్తారు, కేసు పెడతారేమో, విమానం పోతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

"ఈ సంచి ఇంకెవరైనా సర్దారా? మీతో ఎవరైనా ఉన్నారా?"

అక్క వెనక్కి తిరిగింది. తమ్ముడు తల దించేసుకున్నాడు. బడిలో అలా తలలు దించిన పిల్లల్ని ఆమె ఎంతమందిని చూసిందో. ఇంకేమీ అడగనవసరం లేకపోయింది.

"ఎవరూ లేరండీ, ఒక్కదాన్నే. కత్తి నాదే. భయపడి అబద్ధం చెప్పాను, క్షమించండి" అంది.

"ఈ వయసులో అబద్ధాలెందుకమ్మా" అని అతను కత్తిని చెత్తడబ్బాలో పడేసి, ఆమెను పంపేశాడు.

చెదిరిన సామాను ఆమె ఒక్కతే సర్దుకుంది. ముట్టుకునే ధైర్యం తమ్ముడికి లేదు. లోపల కుర్చీల్లో కూర్చున్నాక, "అక్కా, నేనే చెబుదామని..." అని నసిగాడు. ఆ మాట తనకే అసహ్యంగా వినిపించి ఆగిపోయాడు.

"నా సంచిలో ఇంకేమైనా పెట్టావా?" అంది అక్క, మామూలుగానే.

"లేదక్కా. నీ మీద ఒట్టు."

ఆమె సరేనన్నట్టు తలూపింది. తరవాత సంచి ఒళ్లో పెట్టుకుని, అడుగుదాకా ఒక్కొక్కటే తీసి చూసుకోసాగింది.