తిడా పైగుడ్డ చాటున

నెలలు నిండుతున్న కొద్దీ మన్సాతా ఇంటిల్లిపాదీ తినే గిన్నెకి దూరంగా జరిగింది. వేరుశనగ పులుసు పోసిన అన్నం మధ్యలో పెట్టుకుని అందరూ చుట్టూ చేరి తినే ఇంట్లో అదేమన్నా చిన్న సంగతా? ఆ పిల్ల చిన్న పళ్లెంలో నాలుగు ముద్దలు పెట్టుకుని గుమ్మం పక్కన కూర్చునేది. అత్త తిడాకి ఒళ్లు మండింది.

"మా చేతులు కంపు కొడుతున్నాయా అమ్మాయ్? మీ పుట్టింట్లో వెండి పళ్లేల్లో తిన్నారా?"

మన్సాతా తల దించుకుంది. "అది కాదత్తా. ఆస్పత్రిలో రక్తం చూశారు. హెపటైటిస్ బి అట. లివర్‌కి పట్టే జబ్బు. మీకూ అంటుకుంటుందేమోనని."

"వేరే తినమని నర్సు చెప్పిందా?"

"లేదు. అడగడానికి సిగ్గేసింది."

తిడా మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని నర్సు పెండా దగ్గరికి వెళ్లింది. పెండా నవ్వేసింది.

"కలిసి తింటే రాదు పెద్దమ్మా. రక్తంతో వస్తుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. పుట్టిన రోజే బిడ్డకి సూది వేస్తే చాలావరకు ఆపుకోవచ్చు. ఆలస్యమైతే అంత గుణం ఉండదు. కాన్పుకి ఇక్కడికే రండి."

సరేనంది తిడా. మరి కడుపులో ఉన్నవాడికి ఆ మాట ఎవరు చెప్పాలి? గాడిదబండి కట్టేలోపే, తెల్లారుతూనే, ఇంట్లోనే పుట్టేశాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పేరు పెట్టేదాకా, అంటే వారం గడిచేదాకా, పసిబిడ్డ గడప దాటకూడదు. పేరులేని బిడ్డకి గాలీ ధూళీ తగులుతుందని ఆ వాడలో అందరినీ కట్టడి చేసేది తిడానే. నర్సునే ఇంటికి రమ్మని కబురు పంపితే, ఇక్కడ ఒకామె నొప్పులు పడుతోంది, కదల్లేను, బిడ్డనే తీసుకురండి అంది.

మన్సాతా అత్తని ఏమీ బతిమాలలేదు. బిడ్డని చూస్తూ, "నా జబ్బు వీడికి వద్దత్తా," అంది, అంతే.

తిడా లేచి మనవణ్ణి తన పొట్టకి ఆనించి కట్టుకుంది. పైన వెడల్పాటి గుడ్డ కప్పుకుంది.

"నా కడుపు మీద ఉన్నంతసేపు వీడింకా బయటికి రానట్టే," అంది, ఎవరూ అడక్కుండానే.

దారిలో పక్కింటి సోనా ఎదురైంది. "ఏం వదినా, ఈ వయసులో ఎన్నో నెల?"

"నీ దిష్టి తగలకుండా దాచుకుంటున్నాలే. తప్పుకో."

లోపల వాడు కేరుమన్నాడు. సోనా బుగ్గ నొక్కుకుంది. "నా మనవరాల్ని మూడోరోజు వాకిట్లోకి తెచ్చానని నడివీధిలో కడిగేశావు కదమ్మా. ఇప్పుడిదేంటి?"

"కడిగాను. అదీ నేనే, ఇదీ నేనే. వీడికి ఈ పూటే సూది పడాలి. వచ్చి తిట్టు, నడుస్తూ తిట్టు."

సోనా నిజంగానే ఆస్పత్రి దాకా తిడుతూ నడిచింది. పెండా ఆ చిట్టి తొడ మీద సూది వేసి, మిగతా సూదులకి మళ్లీ ఎప్పుడు తేవాలో చెప్పింది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. తిడా వాణ్ణి మళ్లీ పొట్టకి ఆనించుకుంది. వెనక ముడి అందక తడుముకుంటుంటే సోనా ఆ చేతులు పక్కకి నెట్టి, తనే గట్టిగా బిగించింది.