ఒకే పెట్టెలో రెండు పాములు

కోదాడలో త్రివేణి ఇంటి ముందు గదిలో, దేవుడి పటాల కింద అద్దాల పెట్టె ఉంటుంది. అందులో నలుపు తెలుపు పట్టీల కింగ్ స్నేక్, విషం లేని విదేశీ పాము. వారానికో ఎలుక దాని తిండి. ఈసారి పదిహేను రోజులుగా త్రివేణి దానికేమీ వేయలేదు. కార్తీక సోమవారాలు తనకూ ఉపవాసమే కదా అని సర్దిచెప్పుకుంది గానీ, అసలు సంగతి వేరు. మిర్యాలగూడ నుంచి మరిది ప్రవీణ్ తన పామును తీసుకుని వస్తున్నాడు.

నిరుడు నాగుల చవితినాడు ఈ ప్రవీణే, ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా, ఆమె పెంచుకున్న మొదటి పాము నోట్లో సిరంజితో పాలు పోశాడు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి మూడో రోజుకు అది చచ్చిపోయింది. ఆమె ఏడుస్తుంటే, "ఊకో వదినా, పామే గదా!" అని నవ్వాడు. ఆ నవ్వు ఏడాదిగా ఆమె చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు అదే ప్రవీణ్ గుమ్మంలో నిలబడ్డాడు: నల్లబట్టలు, మెడలో అయ్యప్ప మాల, చేతిలో మూతి కట్టిన గుడ్డసంచి.

"స్వామి శరణం వదినా! శబరిమల పోయొచ్చేదాంక దీన్ని జర సూడు. నీ దాంతోనే పెడ్త."

"ఒక్కదాంట్ల ఉంటయా స్వామీ?"

"గుడి కాడ రాతి నాగులను సూడలేదా? జంటగ పెనవేసుకోని ఎంత సక్కగుంటయి! ఒంటిగుంటెనే బెంగ పెట్టుకుంటయి."

ఈ జాతి తోటి పాములనే తింటుందని, పక్కన ఇంకోదాన్ని పెట్టొద్దని అమ్మినవాడు మరీమరీ చెప్పాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నీ ఇష్టం స్వామీ. నీ చేతుల్తోనే పెట్టు."

మాల వేసుకున్నవాడు చీమను కూడా చంపకూడదు. అందుకే ఆమెకు ఆ చేతులే కావాలి.

ప్రవీణ్ సంచిలోని ఎర్ర పాము పెట్టెలో దిగిందో లేదో, పట్టీల పాము దాన్ని చుట్టేసింది.

"సూడు వదినా, అచ్చం గుళ్లె లెక్కనే!" ఫోటో తీసుకుని, ప్రవీణ్ దండం పెట్టాడు.

త్రివేణి చూసింది. నిజమే, అలాగే ఉంది. ఆ రాయి చెక్కినవాడు ఏం చూసి చెక్కాడో! ఎర్ర తోక అద్దాన్ని రెండుసార్లు కొట్టింది. పాపం, అది తనకేం చేసింది? పామును పట్టే కొక్కెం చేతికందే దూరంలోనే ఉంది. పటాల వైపు చూసింది. నువ్వైనా ఆపవేం స్వామీ? ఆపాల్సింది ఆయనా, తనా?

చెయ్యి కదలలేదు.

కాసేపటికి ఎర్ర తల నల్ల నోట్లోకి పోయింది.

"వదినా! మింగుతున్నది! గుంజు, గుంజు!" మాల పట్టుకుని అరిచాడు ప్రవీణ్.

త్రివేణి దీపంలో నూనె పోసింది.

"ఊకో స్వామీ," అంది. "పామే గదా."