ఒక్క ప్రయాణానికి సడలింపు

"కేబోటేజ్ ఎత్తేస్తారా, ఎత్తెయ్యరా? ఏదో ఒకటి తేల్చమనండి" అని మన్మథరావు ఫోనులో అరిచిన అరుపు మేడమెట్లు దిగి, కింద కూరగాయల బాలన్న చెవిలో పడేసరికి క్యాబేజీ అయిపోయింది. ఢిల్లీ వాళ్లు క్యాబేజీ ఎత్తేస్తున్నారట అని బాలన్న పక్క కొట్టుకి చెప్పాడు. పక్క కొట్టు ఆ పక్క కొట్టుకి చెప్పింది. మధ్యాహ్నమయ్యేసరికి నర్సీపట్నం మార్కెట్లో దానికి కారణాలు కూడా పుట్టేశాయి. పురుగుమందు వల్లనని కొందరు, గ్యాసు వల్లనని కొందరు. వంటగ్యాసా, కడుపులో గ్యాసా అని మిగిలినవాళ్లు. బాలన్న తన దగ్గరున్న బుట్టెడు క్యాబేజీల మీద గోనెపట్టా కప్పి, తెలిసిన మొహాలకి మాత్రం, అటూ ఇటూ చూసి, చాటుగా అమ్మడం మొదలుపెట్టాడు.

చివరికి మన్మథరావే కిందికి దిగి రావలసి వచ్చింది. కేబోటేజ్ అంటే మనం తినేది కాదనీ, అదే తన బుర్ర తినేస్తోందనీ చెప్పాడు. అదొక ఓడల చట్టం. పొరుగు రాష్ట్రం బస్సు మన ఊరి మీదుగా పోతూ, నర్సీపట్నంలో మనిషిని ఎక్కించుకుని తునిలో దింపుతానంటే మన ఆర్టీసీ ఊరుకుంటుందా? ఇదీ అంతే. పరాయి దేశపు జెండా కట్టిన ఓడ, మన రేవులో మనవాళ్లను ఎక్కించుకుని మళ్లీ మన రేవులోనే దింపకూడదు. విశాఖపట్నానికి విహారానికి వస్తున్న ఓడ జెండా పరాయిది. అది మనవాళ్లను చెన్నై దాకా తీసుకెళ్లాలంటే ఢిల్లీ ఆ చట్టాన్ని కొన్నాళ్లపాటు సడలించాలి. టూరిస్టులు పెరుగుతారు, కాస్త సడలించండి బాబూ అని ఓడ కంపెనీ వాళ్లు అర్జీ పెట్టుకున్నారు.

బాలన్న అంతా విని, "అయితే క్యాబేజీకేటీ బయ్యం నేదన్నమాట" అని గోనెపట్టా తీసేశాడు. తీసినందుకు కాస్త దిగులు పడ్డాడు కూడా. చాటుగా అమ్మినంతసేపూ బేరమాడినవాడు ఒక్కడూ లేడు.

మన్మథరావులో మన్మథుడు ఉన్నది పేరులోనే. మిగతాదంతా పొట్ట. ఆర్టీసీ కాంప్లెక్సుకి ఎదురుగా మేడ మీద గదిలో ఆఫీసు పెట్టి, కాశీకీ రామేశ్వరానికీ బస్సుయాత్రలు నడుపుతాడు. నేల మీద తిరిగి తిరిగి విసుగెత్తి ఆ ఏడాది నీళ్ల మీద పడ్డాడు. వైజాగ్‌లో ఉన్న ఏజెంటుని పట్టుకుని, ఓడలో నర్సీపట్నం వాళ్లకి కొన్ని గదులు సంపాదించాడు. నాతవరం నుంచి చెరుకు రైతులూ, జీడితోటల వాళ్లూ, తాండవ రిజర్వాయరు తప్ప వేరే పెద్ద నీళ్లు చూడనివాళ్లూ పేర్లు ఇచ్చారు.

వాళ్లందరికంటే ముందు పేరిచ్చింది జోగులమ్మ. అడ్డరోడ్డుకి అవతల, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాలెం ఆమెది. వేకువనే తట్టతో బయలుదేరి నర్సీపట్నం వచ్చి చేపలమ్ముతుంది. మొగుడు అప్పలరాజు జీవితమంతా వేటకి వెళ్లినవాడు. ఆమె పుట్టిందీ మెట్టిందీ కూడా ఆ ఇసుకలోనే గానీ, ఒక్కసారైనా పడవ ఎక్కలేదు. ఆడది పడవ ఎక్కకూడదని పాలెంలో కట్టుబాటు.

మన్మథరావు చేపలు కొంటూ ఓడ ముచ్చట చెప్పిన రోజున ఆమె కత్తి పక్కన పెట్టింది. "నానెప్పుడూ ఒడ్డు మీంచి సవుద్రాన్నే సూశాను బాబూ. మావోడు యెల్లినకాడ్నించి ఒచ్చిందాకా సూడ్డమే నా పని. సవుద్రం మీంచి మా ఒడ్డెలాగుంటాదో ఒక్కపాలి సూడాలనుంది" అంది.

మన్మథరావుకి నోరు ఆగదు కదా. అప్పటికప్పుడు, చేపల మార్కెట్టు మధ్య నిలబడి, జోగులమ్మ ఎక్కితేనే తానూ ఎక్కుతాననీ, ఆమె ఒడ్డున ఉండిపోతే తానూ ఒడ్డునే ఉంటాననీ అందరి ముందూ మాటిచ్చేశాడు. మార్కెట్టంతా విన్నది. ఇక ఆ మాట ఆయన నెత్తిన తట్టలా కూర్చుంది.

ఇప్పుడు సడలించవలసిన చట్టాలు రెండయ్యాయి. ఒకటి ఢిల్లీది, ఒకటి పాలెంది.

పాలెం చట్టం కోసం ఆయనే వెళ్లి కులపెద్ద మత్స్యరాజుని కలిశాడు. మత్స్యరాజు చుట్ట కాలుస్తూ విని, ఆ ఓడలో వల ఉంటుందా అని అడిగాడు. ఉండదన్నాడు మన్మథరావు. చేపలు పడతారా? తింటారు గానీ పట్టరు. అయితే కట్టుబాటు వలున్న పడవకే గానీ వల్లేని ఓడకి కాదని ఆ పెద్దమనిషి తీర్పు చెప్పి, ఇదొక్కసారికే సుమా అని హెచ్చరించాడు. చుట్ట ఆరకముందే సడలింపు దొరికింది.

ఢిల్లీలో మాత్రం ఎవరి చుట్టా ఆరినట్టు లేదు. ఫైలు కదులుతోంది అంటారు, ఎటు కదులుతోందో చెప్పరు. మన్మథరావుకి కాలు ఒకచోట నిలవడం మానేసింది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి టీకొట్టుకి. టీ వచ్చేలోగా మళ్లీ పైకి. ఎక్కిన బస్సు అడ్డరోడ్డు చేరకముందే దిగిపోయి వెనక్కి వచ్చిన రోజు కూడా ఉంది, ఆఫీసులో ఫోను మోగుతోందేమోనని. ఎవరైనా ఎలా ఉన్నారు గురూగారూ అంటే చాలు, "మనం రేవంటే ఢిల్లీ రేపంటోంది. తీరం చూడాలంటే ముందు వాళ్లకి తీరిక దొరకాలి. ఈ షిప్పు దాటిపోయిందంటే మన చేతికి చిప్పే" అని ఊదరగొట్టేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వకుండా ఫోను వైపు చూసేవాడు.

ఇంట్లోనూ అంతే. భార్య రోజారమణి, ఈయన నిలబడి భోంచేస్తున్నారు, పడుకుని నడుస్తున్నారు అని పక్కింటావిడతో చెప్పుకుంది. ఓడ ఎక్కకముందే ఇలా ఊగుతుంటే ఎక్కాక ఏమైపోతారోనని ఆవిడ బెంగ.

జోగులమ్మ మాత్రం రోజూ తట్ట దింపగానే మేడ మీదికి ఒక కేక వేసేది, ఏటి బాబూ ఒచ్చిందా అని. రాలేదమ్మా అని చెప్పలేక, దారిలో ఉంది అనేవాడు. దారిలోనే ఉండిపోతుందేమోనని ఆయన భయం.

వచ్చింది. ఓడ బయలుదేరేది రేపనగా, వైజాగ్ ఏజెంటు నుంచి ఫ్యాక్సు వచ్చింది. ఈ ఒక్క ప్రయాణానికి మాత్రమే, విశాఖలో ఎక్కి చెన్నైలో దిగే షరతు మీద, చట్టం సడలించడమైనది అని. మన్మథరావు ఆ కాగితం పట్టుకుని మార్కెట్టుకి పరుగెత్తాడు. జోగులమ్మ కాగితాన్ని ముట్టుకోలేదు, చేతులు చేపల వాసనని. దూరం నుంచే దండం పెట్టింది. ఆ రోజు మిగిలిన చేపలు ఎవరికి ఎంతకిచ్చిందో ఆమెకే తెలియదు.

మర్నాడు నర్సీపట్నం నుంచి బస్సు కట్టుకుని వెళ్లారు. ఎక్కేవాళ్లతో పాటు సాగనంపేవాళ్లు కూడా బస్సు నిండా ఉన్నారు. బాలన్న కొట్టు మూసి మరీ వచ్చాడు. జోగులమ్మా అప్పలరాజూ పాలెం నుంచి నేరుగా హార్బరు గేటు దగ్గరికి వచ్చారు. అంతవరకూ మన్మథరావు కళ్లారా చూశాడు.

అక్కడ ఆయన తన బస్సుయాత్రల పద్ధతే పాటించాడు. గేటు పక్కన రాయెక్కి నిలబడి, ఒక్కొక్కరి పేరూ పెద్దగా పిలవడం, వాళ్లు ఉన్నానండీ అన్నాక లోపలికి పంపడం. చెరుకు రైతులు ఉన్నారు. జీడితోటల వాళ్లు ఉన్నారు. వాళ్ల సంచుల్లో జీడిపప్పు కూడా ఉంది. జోగులమ్మా అని పిలిస్తే పలుకు లేదు. మళ్లీ పిలిచాడు. ఆయన పిలుపు హార్బరు క్రేన్లకి తగిలి తిరిగొచ్చింది గానీ ఆమె బదులు రాలేదు.

గేటు బయట అప్పలరాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మీ ఆవిడేదయ్యా?"

"ఇంటికాడుంది బాబూ."

"ఇంటి దగ్గరేమిటి? ఇందాక నీ పక్కనే ఉంది కదా."

"ఇంటికాడే ఉంది" అన్నాడు అప్పలరాజు, సముద్రం వైపు చూస్తూ.

మన్మథరావు రాయి మీంచి దూకాడు. ఆఖరి నిమిషంలో కట్టుబాటు గుర్తొచ్చి భయపడి, ఏ ఆటోనో ఎక్కి పోయి ఉంటుందనుకున్నాడు. బస్టాండు వైపు మనుషుల్ని పంపాడు. పాలెంలో ఫోను మత్స్యరాజు ఇంట్లోనే ఉంది. దానికి చేశాడు. జోగులమ్మ అక్కడికి వచ్చిందా అంటే, మత్స్యరాజు తడుముకోకుండా, "ఇంటికాడే ఉంది" అన్నాడు. ఒకసారి ఫోనివ్వమంటే, నిద్రపోతోందన్నాడు. ఇప్పుడే ఇక్కడ చూసిన మనిషి అంతదూరం ఎలా చేరిందీ, చేరగానే ఎలా నిద్రపోయిందీ అన్న ప్రశ్న ఆయనకి తట్టలేదు. కంగారులో ఉన్నవాడికి తట్టేది కంగారే.

గేటు దగ్గర ఆఫీసరుని పట్టుకుని, ఇంకొక్క సవారీ ఉందండీ, కాస్త ఆపండి అని బతిమాలాడు. నర్సీపట్నం రోడ్ల మీద షేరు ఆటో ఆగుతుంది. మనిషి కనబడకపోయినా, వస్తుందన్న నమ్మకంతో ఆగుతుంది. ఓడ ఆగదని ఆ ఆఫీసరు మర్యాదగానే చెప్పి, మీరైనా ఎక్కండి అన్నాడు. మన్మథరావు మెట్ల దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మార్కెట్టు మధ్య ఇచ్చిన మాట కాలికి అడ్డం పడింది. తనవాళ్లను చెన్నైలో చూసుకోమని వైజాగ్ ఏజెంటుకి కబురు చేసి, తాను బయటికి వచ్చేశాడు. ఓడ ఎక్కకుండానే ఓడిపోయాడు.

సాగనంపే జనమంతా బీచికి చేరారు. ఓడ హార్బరు కాలువలోంచి బయటపడి, తెల్లగా, మేడ మీద మేడలా, సముద్రంలోకి సాగింది. మన్మథరావు ఇసుకలో కూర్చోబోయి లేచాడు, లేచి తిరిగాడు. ఢిల్లీని కదిలించినవాణ్ని ఒక ఆడమనిషిని కదిలించలేకపోయానే అని వచ్చినవాళ్లందరికీ మొరపెట్టుకున్నాడు. నువ్వైనా నచ్చచెప్పకూడదా అని అప్పలరాజుని మందలించాడు. అప్పలరాజు తువ్వాలు భుజం మీంచి తీసి, పిండినట్టు పట్టుకుని, ఓడ వైపే చూస్తున్నాడు. రెండడుగులు ఇటు, రెండడుగులు అటు. ఓడ చిన్నదవుతోంది గానీ మాయం కావడం లేదు. బాలన్న శనగలు కొని పంచాడు. శనగలైపోయాయి. ఓడ అలాగే ఉంది. బస్సు డ్రైవరు హారను కొట్టి కొట్టి మానేశాడు.

పొద్దు వాలుతుండగా, దూరాన మసకలో ఆ తెల్లచుక్క కలిసిపోయింది.

అప్పలరాజు ఇంకాసేపు చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. "బాబూ, ఇప్పుడు సెప్తాను. మా ఇంటిది ఓడలోనే ఉంది."

మన్మథరావు నోరు తెరిచాడు గానీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అందులోంచి మాట రాలేదు. జనమంతా చుట్టూ మూగారు.

అప్పుడు అప్పలరాజు అందరికీ విడమరిచి చెప్పాడు. సముద్రం మీదికి వెళ్లే మనిషి వెళ్లొస్తానని చెప్పకూడదట. వెనక నుంచి ఎవరు పిలిచినా పలకకూడదు, తిరిగి చూడకూడదు. ఈయన రాయెక్కేలోగానే జోగులమ్మ ముందున్న గుంపుతో కలిసి గేటు దాటేసింది. పిలుపు విన్నది కూడా. ఇక ఒడ్డున ఉన్న మనిషి, పడవ కంటికి కనబడినంతసేపూ, ఎవరు అడిగినా ఇంటికాడే ఉన్నారని చెప్పాలి. ఎవరు వస్తున్నారో సముద్రానికి తెలియనివ్వకూడదు. పాలెంలో మత్స్యరాజైనా, ఎవరైనా అదే మాట చెబుతారు. వాళ్ల పడవలైతే చుట్ట కాల్చినంతలో కనుమరుగవుతాయి. ఇంత పెద్ద ఓడ ఇంతసేపు కనబడుతుందని తనకేం తెలుసు?

బాలన్నకి ఇంకా నమ్మకం చిక్కలేదు. మత్స్యరాజుకి ఫోను చేయించాడు. మన్మథరావు ఫోను అప్పలరాజుకి ఇస్తే, దాటిపోనాది అని ఒక్క ముక్క చెప్పి తిరిగి ఇచ్చాడు. అవతల మత్స్యరాజు గొంతు తేలిగ్గా వినిపించింది. "ఆయమ్మ ఓడలో ఉంది బాబూ. నిద్దరోలేదు."

జనం నవ్వారు. మన్మథరావు కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. ఢిల్లీ చట్టానికి సడలింపు తెచ్చాను, వల కట్టుబాటుకి తెచ్చాను, ఈ మూడోదొకటి ఉందని ఎవరూ చెప్పరేమయ్యా అన్నాడు. చెప్పేదైతే కట్టుబాటెలాగవుద్ది అన్నాడు అప్పలరాజు.

అందరూ బస్సు వైపు నడిచారు. మన్మథరావు అతని పక్కనే నడుస్తూ, మధ్యాహ్నం నుంచీ అలా నిలబడే ఉన్నావు, కాసేపైనా కూర్చోకపోయావా అని అడిగాడు.

"ఇన్నేళ్లూ అది ఒడ్డున కూకునుంటాదనుకున్నాను బాబూ" అన్నాడు అప్పలరాజు. "కూకోడం అవ్వదు."