కర్ర టీచరుగారి సెంటరు

ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తుండగా హాల్లో ఫోను చూసుకుంటున్న భర్త అక్కడినుంచే అన్నాడు.

“మీ సెంటరు ఎత్తేస్తున్నారట. ఈ నెలాఖరు దాకానే.”

చేతిలో కత్తి ఆగింది. “ఎవరు చెప్పారు?”

“మెసేజీ వచ్చింది. ఇకమీదట చూపులేనివాళ్ళకి ఏం కావాలన్నా ఫోన్లోనే అడగాలట. పోనీలే, నీకూ తిరిగే బాధ తప్పింది. అన్నట్టు నా బండి తాళాలు ఎక్కడ పెట్టానో చూడు,” అన్నాడు.

చూపులేని మనిషిని ‘చూడు’ అనడం ఆ ఇంట్లో ఎవరికీ వింతగా తోచదు. కళ్ళున్నవాళ్ళు పారేసుకున్నవన్నీ ఆమె వేళ్ళకే దొరుకుతాయి. చెప్పుల స్టాండు మీద తడిమి, తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టి, మళ్ళీ కత్తి పట్టుకుంది. మిగిలిన దుంపలు ఎలా తరిగిందో ఆమెకే తెలియదు.

ముప్ఫై దాటాక ఆమె చూపు అంచులనుంచి తరగడం మొదలుపెట్టింది. గొట్టంలోంచి లోకాన్ని చూస్తున్నట్టు ఉండేది. ఏడాదికేడాది ఆ గొట్టమూ సన్నబడింది. ఆఫీసులో టైపు చేసే ఉద్యోగం మానేసింది. మానేసింది అనేకంటే మానిపించారు అనడం నిజం. “ఈ స్థితిలో బయటికెందుకు, నేను లేనూ?” అన్నాడు భర్త. ఇంటిపని మాత్రం ఎవరూ మానిపించలేదు. “పొయ్యి దగ్గర జాగ్రత్తమ్మాయ్,” అని అత్తగారు రోజూ చెప్పేది. పొయ్యి దగ్గరనుంచి లేవమని ఒక్కరోజూ చెప్పలేదు. చేతులు కాల్చుకుంటూ, ఒలకబోసుకుంటూ, ఒలికినదాన్ని మోకాళ్ళమీద కూర్చుని తుడుచుకుంటూ, ఆ వంటిల్లే తన లోకం అనుకుని ఉండిపోయేదే. ఆస్పత్రిలో డాక్టరు సెంటరు మాట ఎత్తబట్టి సరిపోయింది.

పాత పోస్టాఫీసు వెనకాల రెండంతస్తుల మేడ అది. నడవా పొడుగునా నేలమీద వెడల్పాటి పసుపు గీత ఉండేది. కాస్తో కూస్తో చూపున్నవాళ్ళు దాని వెంట నడిచేవారు. అసలు లేనివాళ్ళు గోడ పక్క చెక్క కమ్మీ పట్టుకునేవారు. ఎన్నో చేతులు రాసుకుని రాసుకుని ఆ కమ్మీ నున్నగా, వెచ్చగా ఉండేది. ఒక గదిలో బ్రెయిలీ కాగితాల మందపాటి వాసన. ఇంకో గదిలో ఎవరెవరో చదివి రికార్డు చేసిన పుస్తకాలు. నవల సగంలో ఉండగా టేపు చిక్కుపడితే, పక్క కుర్చీలో ఇదివరకే విన్నావిడ మిగతా కథ చెప్పేసేది, తనకు నచ్చినట్టు మార్చి మరీ. మూలగదిలో దీపాలు, భూతద్దాలు. ఆ దీపం కింద ఆమె తన పెళ్ళినాటి ఫోటోలో తన మొహాన్ని ముక్కలు ముక్కలుగా చూసుకుంది. ఎంత భయపడుతోందో ఈ పిల్ల, అనుకుంది.

అన్నిటికంటే కర్ర టీచరు. తెల్లకర్రతో నడవడం నేర్పేది కాబట్టి అందరూ ఆవిడనలాగే పిలిచేవారు. “ముందు కర్రని అడగండి. మొగుణ్ణి తర్వాత అడగొచ్చు,” అనేది. గోడ దగ్గరైతే అడుగు చప్పుడు ఎలా మారుతుందో, సందు మొదట్లో గాలి చెంపకు ఎలా తగులుతుందో ఆవిడే చెప్పింది. ఒకరోజు పెద్ద కూడలి దగ్గర ఆమె మోచెయ్యి వదిలేసి, “నేను వెనకే ఉంటాను. కానీ పలకను,” అంది.

ఆమె నిలబడింది. బస్సులు వెళ్ళాయి, లారీలు వెళ్ళాయి. రొద ఒక పక్కకు తగ్గింది. అడుగేసింది. కర్ర అవతలి గట్టుకు తగిలినప్పుడు ఎదురుగా బేకరీ వాసన గుప్పుమంది. తిన్నగా లోపలికెళ్ళి, ఒక బన్ను కొనుక్కుని, రోడ్డు పక్కనే నిలబడి మొత్తం తినేసింది. ఎవరికోసమూ దాచలేదు, ఎవరికీ సగం తుంచి ఇవ్వలేదు. పెళ్ళయ్యాక ఆమె ఒక్కతే తిన్న తిండి అదొక్కటే.

“కళ్ళు లేనివాళ్ళంతా ఒకచోట చేరి ఏం చేస్తారే అక్కడ?” అని అత్తగారు అడిగేది. నవ్వుతాం అత్తయ్యా, అని చెప్పాలనుకునేది. చెప్పలేదు.

ఆ సెంటరు ఒక్కరోజులో పోలేదు. మొదట ఇళ్ళనుంచి తీసుకొచ్చే వ్యాను ఆగింది. మూలగదిలో భూతద్దాలిచ్చే ఆవిడ రిటైరైతే ఆ కుర్చీలోకి మరొకరు రాలేదు. పుస్తకాలన్నీ ఫోన్లలో దొరుకుతున్నాయని టేపుల గదికి తాళం వేశారు. ఆ ఫోను వాడటం నేర్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు. రోజూ తెరిచే తలుపులు వారానికోసారి తెరవసాగారు. ప్రతిసారీ ఆమె, పోనీలే ఇదైనా ఉంది కదా, అని సర్దుకుంది. సర్దుకోవడం బాగా అలవాటైన మనిషి.

ఆఖరిరోజు వెళ్తే నడవాలో ఆమె కర్ర కుర్చీల గుట్టకు తగిలింది.

“మిమ్మల్నెక్కడికి వేస్తున్నారు టీచరుగారూ?”

“ఫోను దగ్గర కూర్చోబెడుతున్నారమ్మా. కర్ర ఎలా పట్టుకోవాలో ఫోన్లో చెప్పాలట.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. టీచరు ఆమె చేతిని చాలాసేపు వదల్లేదు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, వంటింట్లో గ్లాసు దొర్లిన చప్పుడైంది. వెళ్తే కాలికి నీళ్ళు తగిలాయి. గట్టుమీద ఒక చెయ్యి తడుముతున్న చప్పుడు. ఆ తడమడం ఆమెకు బాగా తెలుసు.

“ఎన్నాళ్ళనుంచి అత్తయ్యా?”

“టీవీలో మొహాలు తెలియడంలేదే. గొంతులు పట్టి చూస్తున్నా. వాడికి చెప్పకు,” అంది.

చెప్పక తప్పలేదు. షుగరు కళ్ళను తినేసింది, పోయింది రాదన్నాడు డాక్టరు. ఇలాంటివాళ్ళకి నేర్పేచోటు ఏదైనా ఉందా అని భర్త అడిగితే, “ఇదివరకు మన దగ్గరే ఒక సెంటరుండేదండీ,” అన్నాడట.

ఇంటికొచ్చి కూర్చున్నాక భర్త తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. “సెంటరెందుకు, నువ్వున్నావుగా. నీకన్నీ వచ్చు. అమ్మకి నువ్వే నేర్పెయ్. ఎలాగూ ఇంట్లో ఉండేదానివే.”

ఆమెకు అప్పుడు అర్థమైంది, సెంటరు ఎక్కడికి పోయిందో. వ్యాను డ్రైవరు పని, మూలగది ఆవిడ పని, కర్ర టీచరు పని, అన్నీ మేడ దిగి వీధులు దాటి తిన్నగా ఈ వంటింట్లోకి వచ్చాయి. ఇలాంటి ఎన్ని వంటిళ్ళలోకి వెళ్ళాయో. అక్కడ వాటికి కుర్చీ ఉండేది, జీతం ఉండేది, సెలవుండేది. ఇక్కడ, ఎలాగూ ఇంట్లో ఉండేదానివే. కోపంతో ఏదో అనబోయింది. ఇంతలో అత్తగారు మెల్లగా అడిగింది.

“అమ్మాయ్, అక్కడ మొదటిరోజు నీకేం నేర్పారే?”

ఆ గొంతులో వెటకారం లేదు. భయం ఉంది.

“మొదటిరోజు ఏమీ నేర్పలేదత్తయ్యా. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను లేచి కప్పు కడగబోతే కర్ర టీచరు చెయ్యి పట్టుకుని ఆపింది. ‘ఇక్కడ మీరు నేర్చుకోవడానికొచ్చారు, కూర్చోండి,’ అంది. ఏడ్చేశాను.”

ఆమె భర్త వైపు తిరిగింది.

“నేర్పుతాను. రోజూ పొద్దున్నంతా నేర్పుతాను, మధ్యలో లేవను. కర్ర టీచరు పాఠం చెబుతూ పొయ్యిమీద పాలు చూసుకునేది కాదు. ఆ పూట వంట మీది.”

“నాకు వంటెక్కడొచ్చు?”

“నేర్చుకోండి. కళ్ళున్నాయిగా.”

అతను తల్లి వైపు చూశాడు, ఆవిడ ఏదైనా అంటుందేమోనని. ముసలావిడ గొంతు సవరించుకుంది. “వెళ్ళరా. ముందు మా ఇద్దరికీ టీ పెట్టు,” అంది.

పాఠాలు ఎగుడుదిగుడుగా సాగాయి. అన్నం కొన్నాళ్ళు మాడింది, కొన్నాళ్ళు పలుకయింది. అత్తగారు కర్రను ఊతకర్రలా పొడుచుకుంటూ నడిచేది, తిట్టేది, విసిరేసేది, మళ్ళీ ఇమ్మనేది. గేటు దాకా, ఆ పైన వీధి చివరిదాకా ఇద్దరూ వెళ్ళొచ్చారు. ఆమె కర్ర టీచరుకు ఫోను చేసి ఒక సంగతి అడిగి తెలుసుకుంది.

మర్నాడు ఉదయం గేటు బయట అత్తగారు ఆగింది. “ఇవాళ ఎటే?”

“కాస్త దూరం అత్తయ్యా. బస్సెక్కాలి. సెంటరు ఎత్తేసినవాళ్ళ ఆఫీసుకి. దారి కర్ర టీచరునడిగి తెలుసుకున్నా.”

“వెళ్ళి ఏమంటాం?”

“ఏమీ అనక్కర్లేదు. వెళ్ళి కూర్చుందాం. చూపులేని ఇద్దరాడవాళ్ళు తోడెవరూ లేకుండా ఇంత దూరం ఎలా వచ్చారని వాళ్ళే అడుగుతారు. ఎవరు నేర్పారో అప్పుడు చెబుదాం.”