లైన్స్‌మన్ బావగారు

కళ్లజోళ్ల దుకాణాయనకు ఫుట్‌బాల్ పిచ్చేమీ లేదు. బావమరిది పాసులిచ్చాడు, ఊరికే వచ్చినదాన్ని కాదనే అలవాటు ఈయనకు లేదు, కాబట్టి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. బావమరిది ఆటగాడు కాదు, లైన్స్‌మన్. గీత వెంబడి జెండా పట్టుకుని పరుగెత్తే మనిషి. పెద్ద లీగులో అతనికి ఇది పరీక్ష. ఇవాళ పొరపాటు లేకుండా గట్టెక్కితే ఉంచుతారు, లేదంటే మళ్లీ చిన్నాచితకా మైదానాలే గతి. ఆ బెంగతో అతని అక్కగారు, అంటే ఈయన భార్య, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

స్టేడియం తాతలనాటిది. చెక్క బల్లలు, తుప్పు పట్టిన రేకులు, ఎటు చూసినా అడ్డంగా ఇనప స్తంభాలు. వీళ్ల చోటు మాత్రం గీతకు ఎంత దగ్గరంటే, బావమరిది ఆయాసం కూడా వినపడుతోంది.

విరామం తర్వాత సొంతూరి జట్టు గోలు కొట్టింది. జనమంతా లేచి గంతులేశారు. అంతలో బావమరిది జెండా ఎత్తాడు. ఆఫ్‌సైడ్, గోలు చెల్లదు. బంతిని అందించేటప్పటికే గోలు కొట్టిన ఆటగాడు అవతలి జట్టు చివరి మనిషిని దాటి నిలబడ్డాడు. దుకాణాయన కూర్చున్నది సరిగ్గా ఆ వరసలోనే. తన రెండు కళ్లతో చూశాడు. జెండా ఎత్తడం నూటికి నూరుపాళ్లూ న్యాయమే.

న్యాయం ఎవడిక్కావాలి? తిట్ల వాన మొదలైంది. ఇందాకటి నుంచి తన పొట్లంలోని వేరుశనక్కాయలు వీళ్లకూ పెడుతున్న బుర్రమీసాల ఆసామి, పక్క నుంచి ఆవిడ వంక చూశాడు.

"ఏంటండీ, మీ ఆవిడ అలా బిగుసుకుపోయారు? ఆ జెండావాడు కొంపదీసి మీవాడా ఏంటి?"

"ఛఛ! మాకేం సంబంధం!" అన్నాడు దుకాణాయన.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆడిన అబద్ధానికి సాక్ష్యం కూడా చూపించాలనిపించింది కాబోలు, మహానుభావుడు లేచి నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "ఒరేయ్ జెండా! నీ కళ్లేమైనా కాకులెత్తుకుపోయాయట్రా?" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆసామి భేష్ అంటూ వీపు తట్టాడు. తట్టించుకోవడం ఆయనకు బాగానే ఉంది కూడా. బావమరిది మెడ కొంచెం ఇటు తిరిగి, మళ్లీ మైదానం వైపు మళ్లింది. భార్య బల్ల మీద కాస్త ఎడంగా జరిగింది.

ఇంకాసేపటికి అదే ఆటగాడు, అదే పరుగు. ఈసారి చిన్నపిల్లాడికైనా తెలిసేంత ముందున్నాడు. బావమరిది చేతిలో జెండా సగం దాకా లేచి, కిందికి దిగిపోయింది. గోలు ఇచ్చేశారు. జనం ఊగిపోయారు. దుకాణాయన లేవలేదు.

ఆట అయిపోయాక వెనక గేటు దగ్గరికి బావమరిది సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"పోయిందక్కా. రెండోది ఎందుకు వదిలేశావని లీగువాళ్లు నిలదీశారు. ఇంక పిలవరు."

ఆ తర్వాత బావ వైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం ఉన్నా ఎంతో నయంగా ఉండేది.

"బావా, మొదటిదాంట్లో నేను పొరపడ్డానా? నీ గొంతు గుర్తుపట్టాను. జనం అరుపులు నాకు మామూలే, పట్టించుకోను. కానీ నువ్వు సరిగ్గా ఆ వరసలో ఉన్నావు. పైగా కళ్ల సంగతి తెలిసినవాడివి. నువ్వే అరిచావంటే నా చూపులోనే ఏదో తేడా ఉందనుకున్నా. అందుకే రెండోసారి చెయ్యి పూర్తిగా లేవలేదు."

నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది దుకాణాయనకు.

"లేదురా. నువ్వు చూసిందే నిజం. నేనూ చూశాను."

"మరెందుకరిచావు బావా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. దుకాణాయన నోరు తెరిచాడు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిన్ను మావాడని చెప్పుకోలేకపోయానని ఏ నోటితో చెప్పడం?

అక్క తమ్ముడి భుజం మీది సంచీ తను అందుకుంది. ఇద్దరూ బస్సు వైపు నడిచారు. ఆయన్ని రమ్మని ఎవరూ అనలేదు.