ఓనోఫ్రే వేసిన తలుపు

రంగు చల్లి చూసిన నాలుగో అట్టముక్క కూడా కారు తలుపుతో కలవలేదు. ఎలీసియో దాన్ని షెడ్డు బయటికి తెచ్చి, ఎండలో కారు తలుపు పక్కన పెట్టి, ఒకసారి ఎదురుగా, ఒకసారి వారగా చూశాడు. ఎదురుగా రెండూ ఒకే తెలుపు. వారగా చూస్తే తలుపు గులాబీ వన్నె తిరుగుతోంది, అట్ట మాత్రం పాలిపోయిన పసుపు. ముత్యపు రంగుతో చిక్కే అది. అడుగున తెలుపు, పైన మెరుగు, నడుమ ముత్యపు పొడి కలిపిన పల్చటి పూతలు. ఆ నడిమి పూతలు ఎన్నో, ఎలా పడ్డాయో వేసినవాడికే తెలుసు.

వేసినవాడు ఓనోఫ్రే. ఎస్పన్యోలా ఊళ్ళో గుడ్ ఫ్రైడే నాడు, నేలకు ఆనేంత కిందికి దించి ఊరేగించే రంగుల కార్లలో సగం అతని చేతివి, సగం ఎలీసియోవి. జనం ఆగి చూసేది మాత్రం ఓనోఫ్రే కార్లనే. ముప్ఫై ఏళ్ళుగా ఎలీసియోకు అదే కడుపుమంట. ఇప్పుడు ఓనోఫ్రే మంచం పట్టాడు. అది విని జాలిపడ్డాడు గానీ, లోలోపల హమ్మయ్య అని కూడా అనుకున్నాడు.

కారు ఓనోఫ్రే మేనకోడలు డెల్ఫీనాది. దుకాణం ముందు ఇనుప స్తంభానికి తలుపు గీరుకుపోయింది.

"ఎన్ని పూతలో మావయ్యనే అడగరాదా బాబాయ్," అంది పొద్దున వచ్చినప్పుడు.

"నాకెవరూ చెప్పక్కర్లేదు."

"అట్లా అంటావని మావయ్య ముందే అన్నాడులే."

ఆమె వెళ్ళాక అతనికి ఒళ్ళు మండింది. ఆ పక్కంతా గీకేసి తన రంగే వేసేస్తే పీడా పోతుందనుకుని గరుకు కాగితం అందుకున్నాడు. అలా చేస్తే ఎలీసియోకు చేతకాలేదంటుంది ఊరు. కాగితం కింద పెట్టేశాడు.

మిరపకాయ కూర చుట్టిన రొట్టె తింటుంటే, కుడిచేత పట్టుకున్న ఆ రొట్టెను చూస్తూ ఆగిపోయాడు. ఓనోఫ్రేది ఎడమచేతివాటం. రంగు చల్లే గన్ను అతని చేతిలో ఎదురు దిక్కున కదులుతుంది. ముత్యపు పొడి రేణువులు అటే వాలి ఆరుతాయి. ఇన్నేళ్ళూ ఆ కార్లను చూసి ఏడ్చాడే తప్ప, ఈ సంగతి తట్టలేదు.

గన్ను ఎడమచేతికి మార్చాడు. మొదటి అట్ట మీద చారలు పడ్డాయి. రెండోదీ పాడైంది. మూడోది ఎండలో తలుపు పక్కన పెడితే ఎక్కడుందో కనబడలేదు. అదే చేత్తో తలుపుకు మూడు పూతలు వేసి, అతుకు తెలియకుండా పక్క రేకు మీదికి పల్చగా వదిలి, మెరుగు పట్టించి దీపాల కింద ఆరబెట్టాడు.

సాయంత్రం డెల్ఫీనా వచ్చింది. చేతిలో తువ్వాలులో చుట్టిన బరువైనదేదో ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కారు చుట్టూ తిరిగింది.

"ఎక్కడ గీరుకుందో తెలీడం లేదు. అచ్చం మావయ్య చెయ్యే."

ఈ రోజు కూడా మెప్పు అతనికే. "చెయ్యి నాది," అన్నాడు ఎలీసియో కటువుగా.

"తెలుసు బాబాయ్." ఆమె రంగు డబ్బా మీద కూలబడింది. "మావయ్య మూడింటికి పోయాడు. ఎల్లుండి అంతిమయాత్రలో ఈ కారే ముందు నడవాలి."

ఎలీసియో గన్ను కడగడం మొదలుపెట్టాడు, అప్పటికే కడిగిందే.

"అది నీకిమ్మన్నాడు," అంది ఆమె తువ్వాలు వైపు చూపిస్తూ. "నువ్వు పాత ట్రక్కుకి వేసిన ఆకుపచ్చ రంగు ఉందే, అది దీని మీద పదకొండుసార్లు వేసి గీకేశాడంట. రాలేదంట. అందులో ఏం కలుపుతావో కనుక్కోమన్నాడు. చెప్పడులే అని కూడా అన్నాడు."

"రాగి పొడి," అన్నాడు ఎలీసియో వెంటనే. మళ్ళీ అన్నాడు. "చిటికెడు రాగి పొడి. ఆఖరి పూతలో."

డెల్ఫీనా తలూపి, కళ్ళు తుడుచుకుని, కారు తీసుకుని వెళ్ళిపోయింది.

అతను తువ్వాలు విప్పాడు. మోటారుసైకిలు పెట్రోలు ట్యాంకు. పచ్చగా, దాదాపు అదే పచ్చగా ఉంది. మూత దగ్గర మాత్రం, వారగా చూస్తే, కాస్త నీలం తిరుగుతోంది.