సాలెవాడలోని తొలి మేడ

వసంతలక్ష్మి వేపకొమ్మల శ్వేతకుసుమకిరీటముల నలంకరించి చూతపల్లవాస్వాదమత్తకోకిలముల చేత మంగళగీతముల బాడించుకొనుచు మణిగిరిపట్టణమున బ్రవేశించిన యా ప్రాతఃకాలమున సాలెవాడయందలి చౌడప్ప యింట మాత్రము పెండ్లిమాట మగ్గపుగుంటలో బడి పైకి రాకుండెను.

ఇల్లంతయు నొక్కటే గది. ఆ గదినంతయు మగ్గమే యాక్రమించియుండెను. చౌడప్పకొడుకు బయ్యనకు సిరియమ్మ నిచ్చుటకు సమ్మతించిన పిల్లతండ్రి, దంపతులకు వేఱు గది లేనిదే పిల్లను బంపనని తెగేసి చెప్పెను. ప్రక్కన జానెడు జాగా లేదు. పైన నాకాశమంతయు ఖాళీయే. కాని గజారూఢుడై యూరేగు రాజుకంటె నెత్తున బ్రజలుండరాదని తాతలనాటి శాసనము మేడల నిషేధించియుండెను.

ప్రజావత్సలుడగు మాధవభూపాలుడు క్రిందటి యేడే యా శాసనమును రద్దుచేసి దండోరా వేయించెను. ఏ వాడలో నెన్ని మేడలు లేచెనో చూచి రమ్మని పంపబడిన కొమ్మనామాత్యుడు వీథివీథియు దిరిగి యొక్క యిటుకయైన బైకి లేవకుండుట గాంచి విస్మితుడై చౌడప్ప నడిగెను.

చౌడప్ప తల గోకికొని యిట్లనెను: "దండోరా విన్నాము దొరా. కాని యేనుగునెక్కి ప్రభువులు వచ్చునప్పుడు మా తలలు పైనుండుట మర్యాదయా? ముందు గట్టినవాని నెత్తికే చుట్టుకొనునేమో! ఎవరైన గట్టిన పిమ్మట గట్టుదమని యందఱము గూర్చుంటిమి."

ఔరా! ఊరుఊరంతయు నొకరి మొగమొకరు చూచుకొనుచు నేడాది గడపినది!

అమాత్యునివలన విని భూపాలుడు కడుపుబ్బ నవ్వి, చౌడప్పను నిర్భయముగా గట్టుమనియు, వైశాఖపున్నమ యూరేగింపున దానే యా మేడ క్రిందుగా వత్తుననియు గబురంపెను. చౌడప్ప వడకుచునే కట్టెను. మేడ లేచెను, పెండ్లియు జరిగెను.

పున్నమనాడు పట్టపుటేనుగు సాలెవాడ మలుపు దిరుగగనే క్రొత్తకోడలు సిరియమ్మ కిటికీనుండి మల్లెలు చల్లబోయి, తత్తరపాటున బుట్టనే జాఱవిడిచెను. అది తిన్నగా వచ్చి కిరీటముపై బోర్లపడెను. వాద్యములాగెను.

భూపాలుడు మెల్లగా బుట్ట దీసి, మీసములనంటిన మల్లెలు దులుపుకొని, పైకి జూచి నవ్వెను.

"తల్లీ, ఇన్నేండ్లు క్రిందినుండి మీరు విసరిన పూలన్నియు నేనుగు కాళ్లకే చెందినవి. నేటికి గదా మా తలకు జేరినవి!"

వాడయంతయు నవ్వులతో దద్దరిల్లెను. శాసనమును గొట్టివేయుటకు ఘంటపుగీత చాలెను గాని భయమును గొట్టివేయుటకు మల్లెబుట్ట కావలసివచ్చెను. మఱునాడే వీథివీథిని తాపీలు మ్రోగెను. మఱుసటి వైశాఖమున మేడమేడనుండియు బూలవాన గురియగా, మావటివాడు ముందుచూపుతో గొడుగు పట్టుకొని కూర్చుండెను.